పదకొండు శాతం దాత

ఆ ఆదివారం జరగాల్సిన పనులు ఇవి. వంటింటి కొళాయికి వాషర్ మార్చాలి. అటక మీద పాత పుస్తకాల దుమ్ము దులపాలి. అత్తగారి కింది వరస పళ్ళు ఒకపక్క గీసుకుంటున్నాయట, అరగదీసి నున్నగా చెయ్యాలి. పక్కింటివాళ్ళ నిచ్చెన వాళ్ళకి ఇచ్చెయ్యాలి. బట్టలు ఆరెయ్యాలి, ఆరాక తియ్యాలి, తీశాక మడతపెట్టాలి, ఈ మూడూ ఒక్క మనిషే చెయ్యాలి. సాయంత్రం ఆరు లోపల, ప్రపంచంలో తనకి అన్నిటికంటే ఇష్టమైన వీడియో గేము పుట్టకుండా ఆపాలి.

మొదటి ఐదూ ఫ్రిజ్ తలుపు మీద భార్య చేతిరాతలో ఉన్నాయి. ఆరోది పళ్ళాయన గుండెల్లో ఉంది.

పళ్ళాయన అంటే తోపుడు బండి మీద అమ్మే పళ్ళు కాదు, నోట్లో ఉండే పళ్ళు. డెంటిస్టులు కొలతల అచ్చులు పంపిస్తే వాటికి సరిపోయే కట్టుడు పళ్ళు తయారు చేసే ల్యాబ్‌లో ఆయన ఉద్యోగం. ఆయన చేసిన పళ్ళతో నవ్వేవాళ్ళు ఊరినిండా ఉన్నారు. ఇంట్లో ఉండే అత్తగారి పళ్ళు కూడా ఆయన చేసినవే. అందుకని ఆవిడ తన మీద నోరు చేసుకున్నప్పుడల్లా, ఆ నోరు సగం తన చేతి పనే కదా అని ఓర్చుకుంటాడు.

భార్య డ్రైవింగ్ నేర్పుతుంది. ఊరంతా ఆవిణ్ణి మేడమ్ అంటారు. నేర్చుకునేవాడు స్టీరింగ్ పట్టుకుని గోడ మీదికి పోతున్నా ఆవిడ గొంతు పెంచదు. "ఇప్పుడు మనం గోడ వైపు వెళ్తున్నాం. ఎందుకు వెళ్తున్నాం?" అని అడుగుతుంది, అంతే. ఇంట్లోనూ అదే గొంతు. అది వినబడితే చాలు, పళ్ళాయన కుడికాలు దానంతట అదే లేని బ్రేకు తొక్కుతుంది.

ఆవిడ ఇన్నేళ్ళూ ఎవరిదో స్కూల్లో, ఎవరిదో కారులో నేర్పింది. ఎండలో తిరిగేది ఆవిడ, ఫీజు లెక్కపెట్టుకునేది ఓనరు. ఇప్పుడు ఒక పెద్ద మాస్టారు పని మానేస్తూ తన కారు అమ్ముతున్నాడు. రెండు పక్కలా బ్రేకులూ క్లచ్చులూ ఉన్న కారు. అది కొంటే మేడమ్ సొంత బోర్డు పెట్టుకోవచ్చు. ఇద్దరూ ఏళ్ళ తరబడి కూడబెట్టిన డబ్బు ఇద్దరి పేరనా ఉన్న ఖాతాలో ఉంది. సోమవారం పొద్దున్న కట్టాలి.

ఆ డబ్బునే పళ్ళాయన జపాన్‌లో ముగ్గురు ముసలాళ్ళకి ఇస్తానని మాటిచ్చేశాడు.

అది ఎలా జరిగిందంటే, ఆయనకి మీసాలు మొలిచే వయసులో ఒక ఆట ఉండేది. జపాన్ వాళ్ళు చేసింది. నలుగురు పిల్లలు, ఒక కుంటి గుర్రం, ఎండిపోయిన సముద్రం దాటి వెళ్ళి ఆరిపోయిన దీపాలు వెలిగించాలి. దారిలో రాక్షసులు. అయితే యుద్ధం మాత్రం వంతులవారీగా జరుగుతుంది. ఒకళ్ళు కొడుతుంటే రెండోవాళ్ళు నిలబడి ఓపిగ్గా తింటారు, తర్వాత వాళ్ళ వంతు. ఇంత మర్యాదైన యుద్ధం ఆయన మళ్ళీ ఎక్కడా చూడలేదు. పెళ్ళయ్యాక అసలు చూడలేదు.

ఆ ఆటలో ప్రాణం పోసే మందు సీసాలు అరుదుగా దొరుకుతాయి. పెద్ద గండానికి పనికొస్తాయని ఆయన ఒక్కటి కూడా వాడకుండా దాచాడు. గండాలన్నీ వచ్చాయి, పోయాయి, ఆట కూడా అయిపోయింది. సీసాలు సంచిలోనే ఉన్నాయి. ఆ అలవాటు మనిషిలో ఉండిపోయింది. పెళ్ళికి వచ్చిన మెత్తటి తువ్వాళ్ళు ఇప్పటికీ బీరువాలో మడత విప్పకుండా ఉన్నాయి.

"ఏవండీ, ఇంతకీ ఆ తువ్వాళ్ళు ఏ రాక్షసుడు వచ్చినప్పుడు తీస్తారు?" అని మేడమ్ ఏటా అడుగుతుంది.

"మీ అన్నయ్య వస్తానన్నాడుగా" అంటాడు ఆయన. ఆ రోజుకి మాటలు ఉండవు.

అలాంటి ఆట చేసినవాళ్ళు, పాపం, ముసలివాళ్ళయ్యారు. పాత కంపెనీ వాళ్ళని ఎప్పుడో పంపించేసింది. కథ రాసినాయన, బొమ్మలు గీసినాయన, పాటలు కట్టినాయన, ముగ్గురూ కలిసి ఇంటర్నెట్‌లో ఒక పేజీ తెరిచి, మళ్ళీ అలాంటి ఆట చేస్తాం, తలా కాస్త చందా ఇవ్వండి అని అడిగారు.

ఈ సంగతి మేడమ్‌కి చెప్పిన రోజు సంభాషణ ఇలా నడిచింది.

"పాత ఆటేనా?"

"కాదు."

"అయితే కొత్తదా?"

"పూర్తిగా కొత్తదీ కాదు. పాతదానికి ఆత్మ వారసుడు అంటారు."

"ఆస్తికి వారసులుంటారని తెలుసు. ఆత్మకి కూడానా?"

"పేరు మీద హక్కు కంపెనీది. గుర్రం మీద హక్కు కూడా కంపెనీదేనట. వీళ్ళకి మిగిలింది ఆత్మ ఒక్కటే."

"అయ్యో, గుర్రాన్ని కూడా లాక్కున్నారా! మరి మీరెంతిస్తున్నారు?"

"నేనా? ఏదో ఉడతాభక్తిగా..."

"ఉడత ఏ సైజుదో కాస్త చూసుకోండి" అని ఆవిడ క్లాసుకి వెళ్ళిపోయింది.

ఉడత సైజు పెరగడానికి కారణం సిరప్పు. ఆయన మందుల షాపు యజమాని. ఊళ్ళో ఆ పాత ఆటంటే ప్రాణం పెట్టే పెద్దమనుషులంతా ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో సిరప్పు మహా దర్జా మనిషి. తను టీషర్టూ పాటల డిస్కూ వచ్చే రకం చందా కట్టానని ఫొటో పెట్టి, కింద, "మన పళ్ళాయన కూడా ఏదో స్టిక్కర్ వచ్చే చందా కట్టారట. ప్రేమ ముఖ్యం, సైజు కాదు" అని రాశాడు.

స్టిక్కర్ అన్న మాట పళ్ళాయన పంటి కింద రాయిలా పడింది.

ఆ మధ్యాహ్నం ల్యాబ్‌లో మైనం చల్లారే లోపు ఆయన చందాల పేజీ తెరిచాడు. అన్నిటికంటే పైన ఒకే ఒక్క పెద్ద చందా ఉంది. అది కట్టినవాళ్ళ మొహాన్ని ఆటలో సత్రం యజమానిగా పెడతారు. ఆట ఆడే ప్రతివాడూ అలిసిపోయి ఆయన దగ్గరికే వచ్చి పడుకోవాలి. ఆయన ఒక మాట కూడా అంటాడు, ఏమనాలో ఆయనే రాసి పంపొచ్చు. ధర చూస్తే సరిగ్గా డబుల్ బ్రేకుల కారంత ఉంది.

మామూలుగా అయితే ఆయన అక్కడే పేజీ మూసేసేవాడు. కానీ కింద నిబంధన కనబడింది. గడువులోగా అడిగిన మొత్తమంతా పోగైతేనే డబ్బు తీసుకుంటారు. కాస్త తగ్గినా ఎవరి డబ్బు వాళ్ళదే, కార్డు మీద చెయ్యి కూడా వెయ్యరు. ఇంకా రెండు వారాలే ఉంది. పోగైంది పదకొండు శాతం.

పళ్ళాయన బుర్రలో దీపం వెలిగింది. ఇది ఎలాగూ తేలే పడవ కాదు. ఎక్కువ ఇస్తానన్నా పోయేది లేదు. దాతగా పేరు మాత్రం పేజీ నెత్తి మీద మెరుస్తుంది, సిరప్పు మొహం మాడుతుంది, ఆఖరికి డబ్బు డబ్బులాగే ఉంటుంది. ఖర్చు లేని దానం! ఇంత తెలివైన ఆలోచన తనకే ఎలా వచ్చిందని ఆయన కాసేపు ఆశ్చర్యపోయాడు కూడా.

కార్డు నంబరు కొట్టాడు. అంతటితో ఊరుకోలేదు. కింద ఖాళీ గడి కనబడితే ఒక ఉపన్యాసం రాశాడు. "నేను పళ్ళు చేసుకుని బతికే సామాన్యుణ్ణి. ఓపిగ్గా మన వంతు కోసం నిలబడటం నాకు మీ ఆటే నేర్పింది. నా దగ్గరున్నదంతా మీదే."

ఎవరూ చదవరనుకున్నాడు. పాటలు కట్టినాయన చదివాడు. మర్నాడు ఆ ముసలాయన వీడియోలో ఆ ముక్క పైకి చదివి, కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో కళ్ళు తుడుచుకున్నాడు. అది ప్రపంచమంతా చూసింది. ఎక్కడెక్కడి వాళ్ళో, పళ్ళు చేసుకునే మనిషి ఉన్నదంతా ఇస్తే మనకేం రోగం అనుకుని చందాలు పెంచారు. పదకొండు ముప్ఫై అయింది. ముప్ఫై యాభై దాటింది.

గ్రూపులో ఉన్న లిఫ్టు మెకానిక్ గంటగంటకీ, "పైకే వెళ్తోంది అన్నా, ఆగేలా లేదు!" అని మెసేజ్ పెట్టేవాడు. ఆ మాట చూసినప్పుడల్లా పళ్ళాయన కడుపులో ఏదో కిందికి దిగేది.

చందా వెనక్కి తీసుకోవచ్చు. బటన్ ఉంది. కానీ నొక్కితే పేజీ నెత్తిన 'సత్రం ఖాళీ' అని అందరికీ కనబడుతుంది, సిరప్పుకి ముందు కనబడుతుంది. రేపు నొక్కుదాం, ఇవాళ బాగుండదు అనుకుంటూ రోజులు జరిపాడు. బ్యాంకు ఖాతా తెరిచి చూడటానికి కూడా ధైర్యం చాల్లేదు. ఆ డబ్బు మొహం ఎలా చూడటం?

మరి చేసిన తప్పు ఎటో ఒకవైపు నుంచి బయటికి రావాలి కదా. ఆయన విషయంలో అది గిన్నెలు తోమడంగా వచ్చింది. తర్వాత గచ్చు తుడవడంగా, కిటికీలు కడగడంగా వచ్చింది.

"అల్లుడుగారికి ఒంట్లో బాగోలేదేమోనే" అంది అత్తగారు కూతురితో. "ఇందాక నన్నడక్కుండా నా చెప్పులు కూడా కడిగారు."

"ఏవండీ, మీకేమైనా అయిందా?" అని అడిగింది మేడమ్.

"భార్యకి సాయం చెయ్యడం జబ్బా?"

"మీకొస్తే జబ్బే."

డెబ్భై ఐదు శాతం దగ్గర ఆయనకి నిద్ర పట్టడం మానేసింది. ఇక లాభం లేదని గ్రూపులో విషం చల్లడం మొదలుపెట్టాడు. "మిత్రులారా, ఆవేశపడకండి. ఈ కాలంలో వంతులవారీ యుద్ధం ఎవరు ఆడతారు? ముసలివాళ్ళు, పూర్తి చేస్తారో లేదో. ఎవరి డబ్బు వాళ్ళు వెనక్కి తీసుకుంటే మంచిదేమో ఆలోచించండి."

తర్వాత సిరప్పు రాశాడు. "అర్థమైంది! ఉన్నదంతా ఇచ్చిన మనిషి ఇలా అంటున్నాడంటే మన భక్తిని పరీక్షిస్తున్నాడు! నేను రెట్టింపు కడుతున్నాను!"

ఆ వెనకే మిగతావాళ్ళు కట్టారు. ఎవరో ఆ మాటల్ని ఇతర దేశాల వాళ్ళకి కూడా చేరవేశారు. తెల్లారేసరికి ఎనభై ఎనిమిది.

అలా ఆ ఆదివారం వచ్చింది. తొంభై నాలుగు.

పొద్దున్నే కొళాయి విప్పి, చేతులు తుడుచుకుని, సిగ్గు చంపుకుని, పళ్ళాయన చివరికి ఆ బటన్ నొక్కాడు. పేజీ చాలా వినయంగా జవాబిచ్చింది. ఆఖరి రోజున ఇంత పెద్ద చందా వెనక్కి తీసుకోవడానికి వీల్లేదట. ఇంత ప్రేమకి కృతజ్ఞతలట. కింద కుంటిది కాని కొత్త గుర్రం బొమ్మ తల ఊపుతోంది.

ఆయన పై ప్రాణాలు పైనే పోయాయి. వాషర్ తిరగేసి బిగించాడు. నీళ్ళు సింకులోకి తప్ప అన్నివైపులకీ కొట్టాయి.

"ఇప్పుడు మనం ఎవరి మొహం కడుగుతున్నాం?" అంది మేడమ్, తడిసిన మొహంతో.

మధ్యాహ్నం అత్తగారి పళ్ళు అరగదీస్తూ ఫోను చూశాడు. తొంభై ఏడు. చెయ్యి ఆగడం మర్చిపోయింది. ఆవిడ పెట్టుకుని చూసి, "నున్నగా చెయ్యమన్నాను గానీ లేకుండా చెయ్యమన్నానా బాబూ?" అంది, ఒకపక్క నుంచి గాలి పోతుండగా.

అయిదున్నరకి ఆయన నిచ్చెనెక్కి అటక దులుపుతున్నాడు. ఇంకో అరగంట ఇలాగే గడిస్తే గండం గడిచినట్టే. సరిగ్గా అప్పుడు వీధి తలుపు బెల్లు మోగింది. మేడమ్ తీసింది. గుమ్మంలో సిరప్పు, చేతిలో కేకు. వెనక లిఫ్టు మెకానిక్, చేతిలో వెండి కాగితం అంటించిన అట్ట కత్తి.

"సత్రం యజమానిగారున్నారాండీ?" అన్నాడు సిరప్పు.

"సత్రం ఇదేనండీ, యజమానిని నేనే" అంది మేడమ్. "లోపల ఉచితంగా ఉంటున్నాయన కావాలా?"

ఇద్దరూ లోపలికొచ్చి నిచ్చెన కింద నిలబడి కేకూ కత్తీ పట్టుకున్న చేతులతోనే పైకి చూస్తూ దణ్ణం పెట్టారు. పైన మనిషి కుక్కిన పేనులా అటకలోకి ముడుచుకున్నాడు.

"దిగన్నా! తొంభై తొమ్మిది!" అన్నాడు మెకానిక్. "మీ చేతుల మీదుగానే కేకు కొయ్యాలి."

"తమ్ముడూ, నాకు దుమ్ము పడదు, మీరు వెళ్ళండి" అన్నాడు పళ్ళాయన, దుమ్ములో కూర్చుని.

"వంద!" అని సిరప్పు కేకేశాడు. మెకానిక్ కత్తి పైకి విసిరాడు. అది ఫ్యానుకి తగిలి ముక్కలై, ఒక ముక్క కేకులో నిలువునా దిగింది. అత్తగారికి విషయం తెలియకపోయినా గాలి పోయే నోటితో నవ్వుతూ చప్పట్లు కొట్టింది. ఆ సంబరం మధ్యలో అటక మీద నుంచి ఒక ఏడుపు వినబడింది.

అందరూ తలెత్తి చూశారు.

"మేడమ్" అన్నాడు పళ్ళాయన. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్యని అలా పిలవడం అదే మొదలు.

"చెప్పండి. ఇప్పుడు మనం ఎటు వెళ్తున్నాం?"

"గోడ వైపు."

"ఎందుకు వెళ్తున్నాం?"

ఆయన చెప్పేశాడు. స్టిక్కరు, పదకొండు శాతం, ఖర్చు లేని దానం, ముసలాయన తీసిన కళ్ళజోడు, కారు డబ్బు, అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "రేపు పెద్ద మాస్టారికి ఇవ్వడానికి ఏమీ ఉండదు. నీ బోర్డు నేనే పీకేశాను. నన్ను ఇక్కడే ఉంచెయ్యి, దిగను" అన్నాడు.

మెకానిక్ కేకులోంచి కత్తి ముక్క మెల్లగా లాగి వెనక దాచాడు.

సరిగ్గా ఆరింటికి పళ్ళాయన జేబులో ఫోను మోగింది. ఆయన తీసి చదివాడు. చదివి కెవ్వుమన్నాడు.

"మీ ఖాతాలో తగినంత సొమ్ము లేదు, చెల్లింపు జరగలేదు అంటున్నాడు! డబ్బు లేదే! ఎవరో కొట్టేశారే!"

"కొట్టేసింది నేనే" అంది మేడమ్.

నిచ్చెన ఊగింది.

"ఆ ఖాతాకి ఇచ్చిన ఫోన్ నంబరు నాది. మీరు ల్యాబ్‌లో కార్డు నంబరు కొట్టిన నిమిషంలోనే నాకు మెసేజ్ వచ్చింది, ఫలానా పేజీ వాళ్ళు కార్డు సరిచూసుకున్నారని. అప్పుడు నా పక్కన స్టీరింగ్ పట్టుకుని ఉన్నది బ్యాంకు క్యాషియరమ్మే. బండి పక్కకి తీయించి అడిగాను. డబ్బు ఆఖరి రోజుదాకా కదలదని చెప్పింది. మర్నాడే వెళ్ళి పెద్ద మాస్టారికి మొత్తం కట్టేశాను. కారు ఆయన షెడ్డులో ఉంది. దాని మీద బోర్డు కూడా రాసేశారు."

పళ్ళాయనకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కాళ్ళు నిచ్చెన మెట్లు మర్చిపోయాయి. చివరి నాలుగు మెట్లూ దిగలేదు, జారాడు. కింద కూర్చుని, రెండు వారాలుగా బిగబట్టిన ఊపిరంతా ఒక్కసారి వదిలాడు. కేకు మీద కొవ్వొత్తి గనక ఉండి ఉంటే ఆరిపోయేది.

"కారు ఉందా?" అన్నాడు.

"ఉంది."

"రెండు బ్రేకులూ ఉన్నాయా?"

"ఉన్నాయి. ఇంట్లో కూడా నా వైపు ఒకటి పెట్టించుకోవాలి."

"మరి రెండు వారాల కిందటే తెలిస్తే నాకు చెప్పొచ్చుగా! నేను చచ్చి బతికాను!"

"గిన్నెలు తోమారు, కిటికీలు కడిగారు, మా అమ్మ చెప్పులు కడిగారు" అంది మేడమ్. "చక్కగా నడుస్తున్న బండికి నేనెందుకు బ్రేకు వెయ్యాలి?"

అత్తగారు గట్టిగా నవ్వింది. ఆ నవ్వులో అల్లుడు చేసిన లోపం స్పష్టంగా వినబడింది.

ఇంతసేపూ ఏదో లెక్క వేసుకుంటున్న సిరప్పు గొంతు సవరించుకున్నాడు. "అంటే... ఆ సత్రం... ఇప్పుడు ఖాళీయేనన్నమాట?"

"తీసుకో నాయనా" అన్నాడు పళ్ళాయన, పిల్లనిచ్చే మామగారిలా. "చల్లగా ఉండు."

సిరప్పు అక్కడే నిలబడి, తనకో షాపు, దాని పైన ఇంకో షాపు ఉన్నాయి గనక, కళ్ళు మూసుకుని కట్టేశాడు. దానితో ముసలాళ్ళకి రావాల్సింది రానే వచ్చింది. పళ్ళాయన గుండె మీద ఉన్న రెండో రాయి కూడా దిగింది. నిజానికి అదే పెద్దది. పదకొండు శాతం మీద ఆయన అబద్ధం ఆడాడు గానీ, ఆ ఆట మీద ప్రేమ అబద్ధం కాదు. అది పుట్టకూడదని అన్ని రోజులు కోరుకోవడమే ఆయన్ని లోపల కోసింది.

మేడమ్ ఊరుకోలేదు. ఆ వారంలోనే ఆయన్ని కూర్చోబెట్టి ముసలాళ్ళకి జరిగింది జరిగినట్టు రాయించింది. "కారు సంగతి కూడా రాయండి. బ్రేకుల సంగతి కూడా" అని పక్కన నిలబడింది. జవాబు వచ్చింది. పాటలు కట్టినాయన అది మిగతా ఇద్దరికీ చదివి వినిపించాడట, ఈసారి కళ్ళజోడు తీసింది నవ్వు ఆపుకోలేకట. డబ్బు మరొకరిచ్చారు గనక సరిపోయింది, మీ మాటలు మాత్రం మేమే ఉంచుకుంటాం అని రాశారు.

మేడమ్ సొంత కారులో మొదటి ఫీజు అందుకున్న రోజు సాయంత్రం, "ఏవండీ, ఆ పేజీ ఇంకా తెరిచే ఉందా?" అంది.

"ఆలస్యంగా వచ్చినవాళ్ళ కోసం ఉంచారు. ఎందుకు?"

"గుర్రాన్ని కూడా పోగొట్టుకున్నవాళ్ళు కదా, పాపం. అన్నిటికంటే చిన్న చందా ఏది?"

ఆయన చూపించాడు. అది కట్టినవాళ్ళ పేరు ఆట ఆఖర్న వేలమందితో పాటు వేస్తారు. స్టిక్కర్ కూడా రాదు. ఆవిడ కట్టింది. పేరు రాయాల్సిన గడి రాగానే పళ్ళాయన కళ్ళు మెరిశాయి, తనే చొరవగా తన పేరులో మొదటి అక్షరం కొట్టాడు.

ఆవిడ ఆ అక్షరం చెరిపేసింది. "డబ్బు నాది, పేరు నాది. మీ వంతు వచ్చేదాకా నిలబడండి" అంది.

ఆయన నిలబడ్డాడు.

ఆ ఆట ఎప్పటికో తయారవుతుంది. అయ్యాక మీలో ఎవరైనా దాన్ని చివరిదాకా ఆడితే, సత్రంలో సిరప్పుగారు మిమ్మల్ని ఎలాగూ వదిలిపెట్టరు, ఆయన్ని నేను గుర్తు చెయ్యక్కర్లేదు. కానీ దీపాలన్నీ వెలిగి, తెర నల్లబడి, చందాలిచ్చినవాళ్ళ పేర్లు చీమల బారులా పైకి పోతున్నప్పుడు మాత్రం తొందరపడి బటన్ నొక్కి దాటెయ్యకండి. ఆ బారులో ఎక్కడో 'డ్రైవింగ్ మేడమ్' అని ఒక పేరు ఉంటుంది. ఆ ఆటలో గుర్రాన్ని ఎటు నడపాలో ఆవిడకి ఇప్పటికీ తెలియదు. ఆ పేరు దాటేలోపు ఒక్కసారి ఆవిణ్ణి తలుచుకోండి.